అద్దెకని కొన్న ఫ్లాటు

అమీర్‌పేటలో ఫ్లాటు కొన్నామని చెబితే అందరూ ఒకటే అడిగారు, ఎప్పుడు మారుతున్నారని. మారడం లేదు, అద్దెకిస్తాం అన్నాను. ఆఫీసులో నా పక్క సీటావిడ టీ కప్పు మూతి దగ్గర ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "సొంతిల్లు పెట్టుకుని అద్దింట్లో ఉంటారా? ఇదేం చోద్యమండీ?" అంది. మా ఆడపడుచు ఫోన్లోనే నవ్వింది. ఇంట్లో వండిన అన్నం పక్కింటికి పంపి మనం హోటల్లో తిన్నట్టుంది వదినా అంది.

నవ్వుకోనీ అనుకున్నాను. మేం పంజాగుట్టలో ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో ఏళ్ల తరబడి అద్దెకుంటున్నాం. పిల్లల బడి దగ్గర, బేగంపేటలో నా ఆఫీసు దగ్గర, ఓనరు నెమ్మదస్తుడు. అక్కణ్ణించి కదలాల్సిన అవసరం లేదు. మా దగ్గరున్న డబ్బుతో మా నలుగురికీ అత్తమ్మకూ సరిపోయే ఇల్లు కొనాలంటే ఊరు దాటిపోవాలి. అద్దెకు పోయే ఇల్లయితే ఇక్కడే దొరుకుతుంది. మనకు నచ్చే ఇల్లు వేరు, అద్దెకు పోయే ఇల్లు వేరు. ఈ ఒక్క ముక్క తలకెక్కితే సగం పని అయినట్టే. తక్కిన సగానికి బ్యాంకు ఉంది.

అమీర్‌పేట సంగతి నాకొకరు చెప్పనక్కర్లేదు. డిగ్రీ కాగానే గుంటూరు వైపు నుంచి కంప్యూటర్ కోర్సు కోసం ఇక్కడ దిగాను. హాస్టల్లో ఒక్క కిటికీ ఉన్న గది, గదికి నాలుగు మంచాలు. నేను నేర్చుకుంటున్న కోర్సు నేను ముగించేలోపే పాతబడింది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బోర్డు మార్చి కొత్త కోర్సు పేరు రాశారు. ఆ తర్వాత ఎన్ని బోర్డులు మారాయో లెక్క లేదు. సూట్‌కేసు పట్టుకుని దిగేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఇక్కడ కోర్సులు మారతాయి గానీ మంచం కావలసినవాళ్లు మారరు. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు, సరుకు రవాణా ఆఫీసులో ఉద్యోగమూ, అదే బిల్డింగులో లిఫ్టులు బాగుచేయడానికి వచ్చే మా ఆయనా దొరికారు. అమీర్‌పేట నాకు నేర్పిన చదువు మాత్రం వృథా పోలేదు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నేను కొనేదానిలా చూడలేదు, అద్దెకు దిగేదానిలా చూశాను. బ్రోకరు గుమ్మంలోంచే పాలరాతి నేల చూపిస్తుంటే నేను తిన్నగా బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయిలన్నీ తిప్పాను. బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు, వంటింట్లో పొగ ఎటు పోతుంది, వానకు ఏ గోడ తడుస్తుంది. ఓనరు కిందికి దిగాక వాచ్‌మన్ భార్యను పక్కకు పిలిచి ఎండాకాలం ట్యాంకరు ఎన్నిసార్లు వస్తుందని అడిగాను. ఆవిడ నన్ను చూసి నవ్వి, వచ్చినవాళ్లలో ఎవ్వరూ ఇది అడగలేదంది. చివరికి సందులోపల, పాత బిల్డింగు రెండో అంతస్తులో, రెండు పడగ్గదుల ఫ్లాటు నిశ్చయించాను. లిఫ్టు లేదు. లిఫ్టులు బాగుచేసే మనిషికి లిఫ్టు లేని ఇల్లు కొన్నావని మా ఆయన వారం రోజులు దెప్పాడు.

అత్తమ్మ పెట్టిన షరతు ఒక్కటే, తూర్పు వాకిలి ఉండాలని. ఉంది. రిజిస్ట్రేషన్ అయింది, సున్నాలయ్యాయి. ఇక తొందరంతా ఆషాఢంతోనే. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు. పెళ్లి చెయ్యరు, కొత్త పని మొదలుపెట్టరు, సామాన్ల ఆటో కూడా పిలవరు. జ్యేష్ఠం వెళ్లేలోపు ఎవరో ఒకరు దిగకపోతే ఇల్లు నెలంతా ఖాళీ. బ్యాంకువాళ్లకు ఆషాఢం లేదు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి, అద్దె రాకుండా అది కట్టడం మా వల్ల కాదు.

టు-లెట్ బోర్డు రాయించి తెచ్చిన రోజునే అత్తమ్మ అడ్డం పడింది. మా అత్తమ్మ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే దానిమీద అప్పీలు లేదు.

"పాలు పొంగియ్యకుండ ఇంకొకలకు ఎట్లిస్తవ్ బిడ్డా?"

"అద్దెకు దిగేవాళ్లే పొంగించుకుంటారు అత్తమ్మా."

"గా పాలు ఆళ్లయి. మనయి మనం పొంగియ్యాలె."

సరే అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను. అద్దెకని కొన్న ఇంటికి గృహప్రవేశం చేసేవాళ్లు మనవాళ్లలో తప్ప ఇంకెక్కడా ఉండరనుకుంటాను. దుకాణం పెట్టేవాడు అమ్మే లడ్డూలను ముందు తను ఎంగిలి చేసి చూసుకోడు కదా. కానీ మొదటి ఇల్లు, మొదటి గుమ్మం. నాకూ లోపల ముచ్చట లేదని చెప్పలేను. పంతులుగారొచ్చారు, హోమం చేశారు, పాలు పొంగాయి. నేను కంటతడి పెట్టుకున్నాను కూడా. వెళ్తూ వెళ్తూ పంతులుగారు మెట్ల మీద ఆగి అన్నారు. "మూడు నిద్రలు చెయ్యాలమ్మా. దీపం ఆరకూడదు, ఇంటికి తాళం పడకూడదు."

మాకు ఆఫీసులు, పిల్లలకు బడి. మేమిద్దరం మొహాలు చూసుకుంటుంటే అత్తమ్మే తేల్చేసింది. "నేనుంట తియ్యి. ఇంట్ల నాకేం పనున్నది?" చాప, దుప్పటి, రెండు గిన్నెలు, పాలు పొంగించిన చిన్న స్టవ్వు. అవి చాలంది. మూడు రోజులే కదా అని నేనూ అనుకున్నాను.

మూడు నిద్రలయ్యాక ఆఫీసు నుంచి తిన్నగా వెళ్లాను తీసుకొద్దామని. వాకిట్లో ముగ్గు ఉంది. రంగులవాళ్లు వదిలేసిన డబ్బాలో తులసి మొక్క ఉంది. పక్క ఫ్లాటావిడ కరివేపాకు పంపింది. పదండి అత్తమ్మా అంటే, మంగళవారం కొత్తింట్లోంచి ఎవరన్నా లేస్తరా అంది. బుధవారం ఫోన్ చేస్తే గురువారం చూద్దామంది. గురువారం సాయంత్రమయ్యేసరికి, రేపు శుక్రవారం, వాకిట్ల దీపం లేకుంటే ఎట్లంది. శనివారం సంగతి సరేసరి. వారాలన్నీ అయిపోయాక అమావాస్య దగ్గరికొచ్చింది.

ఈలోగా బోర్డు చూసి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. బోర్డు మీద నంబరు నాది, తాళంచెవి ఆమె దగ్గర. చూడ్డానికి వెళ్లినవాళ్లు వెళ్లడమే, మళ్లీ ఫోన్ చేసినవాళ్లు లేరు. కొత్తగా పెళ్లయిన సాఫ్ట్‌వేర్ జంట వెళ్లింది. బ్యాంకులో పనిచేసే ఒకాయన భార్యాపిల్లలతో వెళ్లాడు. బంజారా హిల్స్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేసే అక్కాచెల్లెళ్లు వెళ్లారు. అందరూ చూసొచ్చి చెబుతామన్నవాళ్లే. నేను అద్దె ఎక్కువ చెప్పానేమోనని కొంచెం తగ్గించాను. అయినా అంతే. చివరికి బ్రోకరే ఫోన్ చేశాడు.

"అక్కా, ఏమనుకోకు. పార్టీలను మస్తుమందిని పంపిస్తున్న. మీ అత్తమ్మ మంచిగ చాయ్ పోసి తోలిస్తుంది. మల్ల ఒక్కలు గూడ నా ఫోన్ లేపుతలేరు. గామె గా ఇంట్ల ఉన్నన్ని దినాలు ఇల్లు కిరాయికి పోదు, రాసిస్త."

ఆ శనివారం ఆఫీసు ఒంటిపూట. ఎండలో అమీర్‌పేట సందుల్లో నడుస్తూ ఏమనాలో మాట మాట కూర్చుకుంటూ వెళ్లాను. పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు, ఇరానీ హోటలు దాటి మెట్లెక్కేసరికి లోపల మాటలు వినబడ్డాయి. తలుపు ఓరగా ఉంది. చెప్పులు నాలుగు బయటున్నాయి. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను.

"గీ కిటికీ తెరిస్తే మెట్రో చప్పుడు, మూస్తే ఉక్క. మీ ఇష్టం మల్ల," అంటోంది అత్తమ్మ, ఇంటిని పరిచయం చేస్తున్న గొంతుతో. "నల్లా దినం తప్పిచ్చి దినం వస్తది. బోరునీళ్లున్నయి. ఉప్పగుంటయి. తలకు పోసుకుంటే ఎంటికలు ఊడుతయి."

లోపల ఒకమ్మాయి అయ్యో అంది.

"వంటింట్ల ఇద్దరు నిలవడితే మూడో మనిషి బయటనే ఉండాలె. లిఫ్టు లేదు, సిలిండరోడు పైకి ఎక్కనంటడు. చాయ్ తాగుండ్రి, సల్లగైతది."

ఒక్క అబద్ధం లేదు. ఇంటి గొప్పలు నేను కంఠస్థం చేస్తే, లోపాలు ఆమె కంఠస్థం చేసింది. ఆ జంట బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ నన్ను చూసి ఓనరని తెలియక, "బాగుందండీ, మళ్లీ వస్తామని చెప్పాం," అన్నారు. మళ్లీ వస్తామన్నవాళ్లు ఎంతవరకు వస్తారో నాకు తెలుసు. పంజాగుట్ట ఇల్లు దొరక్కముందు నేను ఎన్ని గుమ్మాల్లో ఆ మాట చెప్పి దిగానో.

లోపలికి వెళ్లి నిలబడ్డాను. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ వరసగా రాలేదు.

"ఏంటి అత్తమ్మా ఇది?"

"ఉన్నదే చెప్పిన."

"అద్దెకిద్దామనే కదా కొన్నాం? ఇవ్వకపోతే బ్యాంకు వాయిదా ఎవరు కడతారు? ఇంకో రెండు రోజులైతే ఆషాఢం. ఎవరూ దిగరు. నెలనెలా ఎక్కణ్ణించి తేవాలి?" నాకు కోపమొస్తే గొంతు తగ్గదు, పెరుగుతుంది. "అసలు మన ఇంట్లో మీకేం తక్కువ చేశామని ఇక్కడ కూర్చున్నారు? రోజూ అన్నం పంపిస్తూ, మీ అబ్బాయి ఇక్కడికీ అక్కడికీ తిరుగుతూ, ఏం తక్కువైంది చెప్పండి?"

ఆమె టీ గ్లాసులు తీసి వంటింట్లో పెట్టింది. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుని, నా ముంజేయి పట్టుకుని లోపలి చిన్న గదిలోకి తీసుకెళ్లింది. గోడవారగా చాప, మడిచిన దుప్పటి, మేకుకు ఒక చీర. ఆమె తలుపు మూసింది. గడియ పెట్టింది. మేమిద్దరం లోపల నిలబడ్డాం. గడియ తీసి నా వైపు చూసింది.

"మీ ఇంట్ల నాకేం తక్కువ లేదు బిడ్డా," అంది. "తలుపు లేదు. గంతే."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. పంజాగుట్ట ఇంట్లో ఒక గది మాది, ఒకటి పిల్లలది. అత్తమ్మది హాల్లో దివాన్. టీవీ ఆగితే ఆమె పడుకోవాలి, పాలవాడు తలుపు కొడితే లేవాలి. చీర మార్చుకోవాలంటే బాత్రూమ్‌లోకి పోవాలి. నా పుట్టింటివాళ్లొస్తే వాళ్లు వెళ్లేదాకా నడుం వాల్చదు. జ్వరమొచ్చినా పదిమంది మధ్యే మూలగాలి. ఒళ్లు నొప్పిగా ఉందని ఆమె ఎప్పుడూ అనదని మేం మెచ్చుకునేవాళ్లం. ఎక్కడ పడుకుని అంటుంది పాపం?

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని తన ధోరణిలో చెప్పుకుంటూ పోయింది. పెళ్లయి పోయింది ఉమ్మడి కుటుంబంలోకి, అక్కడ ఆడవాళ్లంతా వసారాలో పడుకునేవాళ్లు. మామయ్య పట్నంలో వర్క్‌షాపులో చేరాక ఇదే అమీర్‌పేటలో ఒక్క గది అద్దె ఇల్లు, మధ్యలో చీర కట్టి ఇటు వంట, అటు పడక. పిల్లలు పుట్టాక ఆ చీర కూడా తీసేశారు. ఆ తర్వాత మా హాలు. "నా గడియ నేనేసుకొని పండుకున్నది గీ ఇంట్లనే బిడ్డా. మొదటి దినం భయమైంది. రెండో దినం మస్తు నిద్ర పట్టింది. మూడో దినం లేవబుద్ధి కాలె." ఆమె నవ్వింది. "నీకు చెప్దామనే అనుకున్న. ఇంత పెద్ద ముసల్దానికి తలుపెందుకు అంటవేమోనని ఊకున్న."

నాకు ఏడుపొచ్చింది. కోపంగా వచ్చి ఏడ్చుకుంటూ పోవడం నాకు నచ్చక కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాను. మెట్రో చప్పుడు నిజంగానే ఎక్కువగా ఉంది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన ముందు నమ్మలేదు, తర్వాత బాధపడ్డాడు, ఆ తర్వాత కోపగించుకున్నాడు. ఆయన కోపం వేరే రకం, గొంతు తగ్గిపోతుంది.

"అమ్మను వేరే ఇంట్ల పెడితే నలుగురు ఏమంటరు? కొడుకుండంగ తల్లి ఒక్కతే ఉన్నదంటరు. కోడలు ఎల్లగొట్టిందంటరు. నీకే మాట వస్తది."

"నాకొచ్చిన మాట నేను పడతాను."

"వద్దు. రేపు తోలుకొస్త. పిల్లల గదిల మంచమేద్దాం."

"ఆ తలుపు పిల్లలది," అన్నాను.

రేపు అమావాస్య, ఎల్లుండి నుంచి ఆషాఢం, అది వెళ్లేదాకా ఆమెను కదపొద్దంటే ఆయన సరేనన్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన తప్పూ లేదు. తల్లి తన ఇంట్లో ఉండాలని కోరుకునే కొడుకుని ఎవరు తప్పుపడతారు? కానీ నా ముందు రెండు సంగతులున్నాయి. ఆమెకు గది కావాలి, బ్యాంకుకు వాయిదా కావాలి. ఇందులో ఏదీ వదలబుద్ధి కాలేదు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలని ఎవరన్నా అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మండుతుంది. ఫ్లాటులో గదులు రెండు. నేను ఇన్నాళ్లూ ఇల్లంతా ఒకరికే ఇవ్వాలని చూశాను. అమీర్‌పేటలో నేను బతికిన పద్ధతి మాత్రం అది కాదు.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర నిలబడ్డాను. స్తంభాల మీద అంటించిన హాస్టళ్ల కాగితాలను ఇద్దరమ్మాయిలు ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నారు. చెరొక సూట్‌కేసు, ఒకరి చేతిలో బకెట్టు. నిజామాబాద్ నుంచి వచ్చారట, డిగ్రీలో ఒకే బెంచీ. చూసిన హాస్టళ్లలో ఒకదాంట్లో గాలి లేదు, ఇంకోదాంట్లో మంచాల మధ్య కాలు పెట్టే చోటు లేదు. మా ఇల్లు చూస్తారా, పెద్దావిడ ఉంటుంది, వంట కూడా చేసి పెడుతుంది అన్నాను. వంట సంగతి అత్తమ్మను అడక్కుండానే చెప్పాను. ఆషాఢమొచ్చేసింది, దిగడానికి అభ్యంతరం లేదా అని కూడా అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎల్లుండి బ్యాచ్ స్టార్ట్ అయితది మేడమ్," అంది బకెట్టమ్మాయి. కోచింగ్ సెంటర్లకు ఆషాఢం లేదన్న సంగతి నాకే తట్టలేదు, ఇన్నేళ్లు ఇక్కడ ఉండి.

అత్తమ్మ వాళ్లను కూడా చాయ్ పోసి కూర్చోబెట్టింది. ఉప్పునీళ్లు, మెట్రో, సిలిండరు, అన్నీ వరసగా చెప్పింది. "మేం చూసొచ్చిన హాస్టల్ల నీళ్లే లేవు అమ్మమ్మా," అని అమ్మాయిలు నవ్వారు. ఆమె వాళ్లను కాసేపు పరీక్షగా చూసింది. ఓనర్ల చేతిలో ఎన్ని రూల్సు పడిందో ఆమె. మేకు కొట్టొద్దు, చుట్టాలు రావద్దు, చీకటిపడ్డాక నీళ్లు వాడొద్దు. ఇప్పుడు ఆమె వంతొచ్చింది. నేను వింటూ కూర్చున్నాను.

"ఒక్కటే మాట. నా అర్రకు రావాలంటే తలుపు కొట్టాలె. మీ అర్రకు నేను గూడ కొట్టే వస్త. గంతే."

"ఆషాఢం కదా అత్తమ్మా, పర్వాలేదా?" అని నేనే మెల్లగా అడిగాను. పాలు పొంగించందే ఊరుకోని మనిషి, దీనికేమంటుందోనని.

"ఇంట్ల మనిషి ఉన్నది, దీపమున్నది. గీళ్లు నా ఇంటికొస్తున్నరు. ఇంటికొచ్చేటోళ్లకు ఆషాఢమేంది?"

ఇంత శాస్త్రం నాకు తెలియదు. మా పంతులుగారికీ తెలిసి ఉండదు.

అమ్మాయిలు దిగిన మూడో రోజున అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు నన్ను మెట్ల మీద పట్టుకున్నారు. రిటైరైన ఆఫీసరు, మా వైపు మనిషే. "ఏంటండీ, హాస్టల్ పెడుతున్నారని విన్నాను. ఇది ఫ్యామిలీలుండే బిల్డింగండీ."

"మా అత్తగారు ఉంటున్నారు సార్. అత్తగారు ఫ్యామిలీ కాకపోతే ఇంకెవరు ఫ్యామిలీయో మీటింగులో అందరి ముందూ చెప్పండి. నేనూ వస్తాను."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. ఆ మీటింగు జరగలేదు. అత్తమ్మ సర్వపిండి చేసిన సాయంత్రాలు ఆయన ఇంటావిడ గిన్నె పట్టుకుని పైకి వస్తుందని తర్వాత తెలిసింది.

అద్దె సంగతి అడిగేవాళ్లకు చెబుతాను, దాచుకోవాల్సిందేం లేదు. కుటుంబానికిచ్చి ఉంటే వచ్చేదానికి ఇది కొంచెం తక్కువ, వాయిదాకు కొంత నా జీతంలోంచి కలుపుతున్నాను. ఆ అమ్మాయిలు ఒకరు వెళ్లినా వాళ్ల చెల్లెలో, చెల్లెలి స్నేహితురాలో వస్తారని నాకు నమ్మకం. బోర్డు మళ్లీ కట్టాల్సిన పని రాదు. మొదటి ఇల్లు కొనేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు ఇప్పుడు. కుళాయి తిప్పి చూడండి, వాచ్‌మన్ భార్యను అడగండి, ఆషాఢం చూసుకోండి అంటాను. గృహప్రవేశం చెయ్యాలా వద్దా అంటే మాత్రం, మీ ఇంట్లో ఎవరికన్నా గది లేదేమో ముందు చూసుకోండి అంటాను. వాళ్లకు అర్థం కాదు.

మా ఆయనకు మాత్రం అప్పటికింకా మనసు కుదుటపడలేదు. మొదట్లో రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లేవాడు, ఫ్యాను చూస్తాననో, కూరగాయలు తెచ్చాననో. చుట్టాల్లో మాటలు మొదలయ్యాయి. మా ఆడపడుచు ఈసారి నవ్వలేదు, అమ్మను అమ్మాయిలకు వంటమనిషిని చేశావా అంది. అత్తమ్మే ఆమెకు ఫోన్ చేసి ఏం చెప్పిందో, మళ్లీ ఆ మాట రాలేదు. ఆయన మాత్రం లోపల లోపల నలుగుతూనే ఉన్నాడు.

శ్రావణం రాగానే ఒక ఆదివారం అత్తమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఫోన్ చేసి పిలిచింది, "మా ఇంటికి రండ్రి" అని. ఆయన పొద్దున్నే ఒక పెద్ద సంచి మడిచి బండి డిక్కీలో పెట్టాడు. ఏమిటని అడిగాను.

"ఇయ్యాల అమ్మను తోలుకొస్త. శ్రావణమొచ్చింది. చాలిగ గీ ముచ్చట. అమ్మ సామాన్లు సంచిల పెట్టుకొని వద్దాం. నువ్వు మధ్యల మాట్లాడకు."

మాట్లాడనన్నాను. కన్నకొడుకు చెయ్యి పట్టుకుని పోదాం రమ్మంటే ఏ తల్లి కాదంటుంది? ఆయన అడగాలే గానీ ఆమె లేచి వస్తుందని నాకు తెలుసు. ఆమె జీవితమంతా అలా లేచి వచ్చిన మనిషే.

అమ్మాయిలు పరీక్ష ఉందని వెళ్లిపోయారు. వంకాయకూర, పచ్చిపులుసు, పిల్లలకు విడిగా కారం తక్కువ వేసిన ముక్కలు. ఆమె వడ్డిస్తూ తిరిగింది, మేం తిన్నాక తను కూర్చుంది. తిన్న కంచాలు నేను కడగబోతే వద్దంది, ఇంటికొచ్చినోళ్లతో పనిజేపిస్తరా అంది. మా ఆయన హాల్లో గోడకానుకుని ఎదురుచూస్తున్నాడు. సంచి ఆయన ఒళ్లో ఉంది. ఆమె చేతులు తుడుచుకుంటూ రాగానే లేచాడు.

"అమ్మా, పోదమా ఇగ?"

ఆమె సంచి వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"మీరు పోండ్రి బిడ్డా," అంది మెత్తగా. "తిన్నంక నాకు జర ఒరగాలె. నిద్రొస్తుంది."

"ఇంటికి పోయినంక పండుకో అమ్మా."

"గిది సుత ఇల్లే కదరా."

ఆమె ఆ సంచి ఆయన చేతిలోంచి తీసుకుని, మిగిలిన కూర గిన్నెలో పోసి మూత బిగించి అందులో పెట్టి నాకిచ్చింది. పిల్లల తలలు నిమిరింది. గుమ్మం దాకా వచ్చి, మేం చెప్పులు తొడుక్కునేదాకా నిలబడి, వచ్చే ఆదివారం మీ ఇంటికి నేనొస్త అంది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

మా ఆయన ఆ తలుపు ముందు అలాగే నిలబడ్డాడు. "అమ్మ మనల్ని పొమ్మన్నదా?" అన్నాడు నా వైపు తిరిగి. అవునన్నాను. తలుపు కొడదామని చెయ్యెత్తాడు. కాసేపు ఆ చెయ్యి గాల్లోనే ఉంది. తర్వాత దించేశాడు.

పిల్లలు అప్పటికే మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ అరుచుకుంటూ దిగుతున్నారు. ఆయన వంగి వాళ్లిద్దరి భుజాలూ పట్టుకుని ఆపాడు.

"మెల్లగ నడువుండ్రి," అన్నాడు. "నానమ్మ పండుకున్నది."